వెండి అనకండి

అందరూ వెండి రంగే అంటారు.
నేనూ అనేదాన్ని, మొదటి రెండు విమానాలనీ
పెళ్లివారి చెంబుల్లా తళతళలాడించి
పాడు చేసుకునేదాకా.
గుడ్డ మీద పూసిన అల్యూమినియం మెరవదు.
తోమి బోర్లించిన సత్తుగిన్నె అడుగులా
వెలుతురుని కాస్త పట్టుకుని
కాస్త వదిలేస్తుంది.

పగలంతా పురసవాక్కంలో కట్టుడు పళ్లు చేస్తాను.
మా ల్యాబులో తెలుపులు పదహారు.
ఏ తెలుపూ తెలుపు కాదు.
ఒకదాన్లో కాఫీ, ఒకదాన్లో వక్క,
ఇంకోదాన్లో ఎవరో చిన్నప్పుడు తాగిన బోరునీళ్లు.
రాత్రి పల్లావరంలో, మేడమీద గదిలో,
మూడు వెంట్రుకలు మిగిలిన అదే కుంచెతో
జానెడు రెక్కలకి రంగు వేస్తాను.

ఎతిరాజులు గారు తెచ్చిన ఫొటో
అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది.
మీనంబాక్కం గడ్డిలో రెండంతస్తుల రెక్కల విమానం,
తోక పక్కన వాళ్ల నాన్న చెంగల్రాయుడు.
రెక్కలకి గుడ్డ కుట్టేవాడట, ముప్పైల్లో.
విమానం ఒంటి పొడుగునా ఒక నల్ల పట్టీ.
"నలుపే కదమ్మా, కనిపిస్తోందిగా" అన్నారాయన.

కనిపిస్తోంది. అదే తంటా.
ఆ కాలపు ఫిల్ముకి ఎరుపు తెలీదు, నలుపనేస్తుంది.
పసుపుకి మసి పూస్తుంది.
నీలాన్ని ఉతికి ఉతికి తెల్లబరుస్తుంది.
ఆ పట్టీ ఎరుపు కావచ్చు, పసుపు కావచ్చు,
నా ఖర్మ కాలి నిజంగా నలుపే కావచ్చు.

భూతద్దం జరుపుకుంటూ పోతే
చెంగల్రాయుడి నుదుట నామం.
మధ్య గీత నల్లగా ఉంది.
"నాన్నగారి శ్రీచూర్ణం ఎర్రదా, పచ్చదా?"
ఆయన కాసేపు ఆలోచించారు.
"ఎరుపే. దిండుగలీబుకి ఆ మరక వదలక
అమ్మ రోజూ తిట్టేది."
అంటే ఫిల్ము మా ఇద్దరికీ నామం పెట్టింది,
కానీ నామం దగ్గర దొరికిపోయింది.
పట్టీ నలుపు నామం నలుపు కన్నా
అర పిసరు తక్కువ.
పద్దెనిమిదేళ్లు పళ్ల మీద బతికిన కన్ను
అర పిసరు వదలదు.

పసుపు, అయితే.
నిమ్మపండు కాదు, బంతిపువ్వు కాదు,
గడపకి రాసి వారమైన పసుపు.
దాన్లో పదో వంతు తెలుపు కలిపాను.
చేతిలో ఉన్న విమానం
మైదానం అవతల ఉన్నట్టు కనపడాలంటే
మధ్యనున్న గాలిని కూడా రంగులోనే కలపాలి.
ఇది పుస్తకాల్లో లెక్క కట్టి రాశారు.
మధ్యనున్న ఏళ్లకి ఎంత కలపాలో రాయలేదు.

కార్తీకంలో వార్నీషు వేయడం బుద్ధి తక్కువ.
వేశాను. తెల్లారేసరికి పైరెక్క
కంటిపొర పట్టినట్టు పాలిపోయింది.
గీకాను, ఆరబెట్టాను, బియ్యం డబ్బాలో రెండు రోజులు దాచాను,
వాన తెరిపిచ్చాక మళ్లీ వేశాను.

ఎతిరాజులు గారు వచ్చారు.
అరచేతిలోకి తీసుకుని
పట్టీ చూడలేదు, గీతలు చూడలేదు,
ముక్కు దగ్గర పెట్టుకున్నారు.
"అరటిపండు వాసన రావాలే" అన్నారు.
"నాన్న చొక్కా అలాగే ఉండేది.
ఆయన కంచంలో పెరుగన్నం కూడా."
నా రంగులు నీళ్ల రంగులు,
వాటికి వాసన లేదు.
పదహారింటిలో దానికి నంబరు లేదు.

డ్రాయరులో ఎప్పటిదో గోళ్లరంగు సీసా, సగం గడ్డకట్టింది.
అగ్గిపుల్లతో ఒక్క చుక్క తీసి
పైలట్ సీటు కింద, ఎవరికీ కనపడని చోట పెట్టాను.
ఈ విమానంలో కొలతకి తగ్గించకుండా పెట్టింది
అదొక్కటే.

మెట్ల మీద ఆగి మళ్లీ వాసన చూశారు.
ఇంటి మీదుగా అసలు విమానం ఒకటి
సీసాలు గణగణలాడేలా దిగుతోంది.
ఆయన తలెత్తలేదు.
మోత తగ్గాక, కింది మెట్టు మీంచి,
"అంతా బాగుంది గానీ
ఆ పట్టీ నలుపేనమ్మా" అన్నారు.